రోమ్‌లో "ఒక్కరోజులో కొలోసియం + వాటికన్" కాంబో టికెట్ కొనేముందు ఇది చదవండి

రోమ్ వెళ్ళే ప్లాన్‌లో ఉన్నవాళ్ళు దయచేసి ఇది చదివాకే బుక్ చేసుకోండి. జూన్‌లో నేనూ నా డిగ్రీ ఫ్రెండూ ఇటలీ వెళ్ళాం, ఆరేళ్ళ నుంచి అనుకుంటున్న ట్రిప్, ఇద్దరికీ ఒకేసారి లీవ్ దొరకడమే గగనమైపోయింది. రోమ్‌కి మూడు రోజులే ఉన్నాయి కదా అని "స్కిప్ ద లైన్, గైడ్‌తో సహా, ఒక్కరోజులో రెండూ" అని పెట్టిన కాంబో ఒకటి ఆన్‌లైన్‌లో మనిషికి 119 యూరోలు పోసి తీసుకున్నాం. అమ్మినవాళ్ళ పేరు రాయట్లేదు, ఇలాంటివి అమ్మేవాళ్ళు బోలెడుమంది, పేరు ఏదైనా పద్ధతి ఇదే.

అసలు రేట్లు ఎంతో మేము తర్వాత చూసుకున్నాం, మీరు ముందే చూసుకోండి. కొలోసియం మామూలు టికెట్ 18 యూరోలు, పక్కనే ఉన్న పాత రోమ్ శిథిలాలు, అంటే రోమన్ ఫోరం, పాలటైన్ కొండ కూడా అందులోనే వచ్చేస్తాయి. వాటికన్ మ్యూజియమ్స్ 20, ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే ఇంకో 5. అంటే 43. మిగతా 76 యూరోలూ గైడ్ కోసం, క్యూ తప్పించుకోవడం కోసం అనుకున్నాం, ఆ రెండూ మాకు దక్కలేదు.

పొద్దున 8 గంటలకి కొలోసియో మెట్రో స్టేషన్ బయట ఉండమన్నారు. 7:45కే వెళ్ళి నిలబడ్డాం. అక్కడ మాలాగే వచ్చినవాళ్ళు ఒక ముప్పై నలభై మంది, ఎవరు ఏ గ్రూపో ఎవరికీ తెలీదు, మనిషి వచ్చింది 8:50కి, వచ్చి షర్టుకి ఒక స్టిక్కర్ అంటించి ఫోన్‌కి టికెట్లు పంపి "ఆ క్యూలోకి వెళ్ళండి, ఆడియో గైడ్ యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి" అన్నాడు. గైడ్ ఏడీ అంటే అదే గైడ్ అట! వోచర్ మళ్ళీ తీసి చూస్తే కింద చిన్న అక్షరాల్లో "డిజిటల్ గైడ్" అని నిజంగానే ఉంది.

ఇక అసలు విషయం. స్కిప్ ద లైన్ అంటే టికెట్ కొనే క్యూ మాత్రమే తప్పుతుంది. సెక్యూరిటీ చెకింగ్ క్యూ ఎవరికీ తప్పదు, వాటికన్‌లోనూ అంతే. ఆన్‌లైన్‌లో సొంతంగా టికెట్ కొన్నవాళ్ళకి కౌంటర్ క్యూ ఎలాగూ ఉండదు కదా, మరి మేము ఎక్స్‌ట్రా డబ్బు దేనికి కట్టినట్టు? ఆ ఎండలో 40 నిమిషాలు నిలబడి గేటు దాకా వెళ్తే అక్కడ ఇంకో దెబ్బ. కొలోసియం టికెట్ మీద ఎవరి పేరు ఉంటే వాళ్ళే వెళ్ళాలి, 2023 నుంచి ఇదే రూల్, పాస్‌పోర్ట్‌తో పోల్చి చూస్తారు. ఆ మనిషి రెండు టికెట్లూ నా పేరు మీదే చేశాడు, బుక్ చేసేటప్పుడు ఇద్దరి పేర్లూ ఇచ్చినా సరే. నా ఫ్రెండ్‌ని ఆపేశారు. గేటు దగ్గర ఉన్నావిడ మర్యాదగానే చెప్పింది, ఆవిడ తప్పేం లేదు. నేనొక్కదాన్నే ఎలా వెళ్తాను? వాట్సాప్‌లో వాడికి మెసేజ్ పెడితే "పది నిమిషాలు" అన్నాడు, ఆ పది నిమిషాలు మూడు గంటలు అయ్యాయి. మధ్యలో ఫోరం దగ్గర ఉండండి అన్నాడు, చివరికి 12:45 స్లాట్‌కి దాని పేరుతో ఇంకో టికెట్ పంపాడు.

జూన్ ఎండలో ఫోరం చుట్టుపక్కల ఎలా ఉంటుందో వెళ్ళినవాళ్ళకి తెలుస్తుంది, నీడ దాదాపు ఉండదు, కింద అంతా ఎగుడుదిగుడు రాళ్ళు. నా ఫ్రెండ్‌కి మోకాలి నొప్పి ఉంది, నెల ముందే ఫిజియోథెరపీ అయింది. పదకొండున్నరకి దాని ముఖం పాలిపోయింది, ఒక గోడ పక్కన కూలబడిపోయింది, నాకు చేతులు కాళ్ళు ఆడలేదు. పక్కనున్న ఒక పెద్దాయన వీధి చివర నీళ్ళ పంపు చూపించాడు. నసోనె అంటారు వాటిని, రోమ్ అంతటా ఉంటాయి, చల్లటి మంచినీళ్ళు, ఫ్రీ. ఖాళీ బాటిల్ తప్పకుండా పట్టుకెళ్ళండి, గాజుది కాకుండా. ఆ రోజు మమ్మల్ని నిలబెట్టింది ఆ నీళ్ళే.

కొలోసియం లోపల ముప్పావుగంట కూడా ఉండలేదు. సుమారు రెండువేల ఏళ్ళ కట్టడం, క్రీ.శ. 80లో టైటస్ చక్రవర్తి ప్రారంభించినది, 189 మీటర్ల పొడవు, దాన్ని గడియారం చూసుకుంటూ చూశాం. ఎందుకంటే వాటికన్ స్లాట్ 2 గంటలకి. మెట్రో బి లైన్‌లో టెర్మినీ, అక్కడ మారి ఎ లైన్‌లో ఒట్టావియానో, దిగాక మళ్ళీ నడక. తిండి లేదు. మళ్ళీ సెక్యూరిటీ క్యూ.

మ్యూజియమ్స్ లోపల నడక కిలోమీటర్లలో ఉంటుంది, జనం తోసుకుంటూ ఒకే దిక్కుకి పోతుంటారు, సిస్టీన్ చాపెల్ వచ్చేది చివర్లో. మైకెలాంజెలో 1508 నుంచి 1512 దాకా వేసిన ఆ పైకప్పు చూడాలని నా ఫ్రెండ్ కాలేజీ రోజుల నుంచి చెప్పేది, హాస్టల్ గోడకి దాని ఫొటో కూడా ఉండేది. తీరా లోపలికి వెళ్ళేసరికి గోడల వెంబడి ఉన్న బెంచీలు అన్నీ నిండిపోయాయి, ఒంటికాలి మీద బరువేసి నిలబడి తలెత్తి చూస్తోంది, కళ్ళలో నీళ్ళు. సంతోషంతో అనుకున్నా. "ఇంక నావల్ల కాదే, వెళ్ళిపోదాం" అంది. నాకు డబ్బు పోయినందుకంటే దీనికే ఎక్కువ కోపం.

రీఫండ్ అడిగితే "మీరు సర్వీస్ వాడుకున్నారు కాబట్టి ఇవ్వలేం" అని రెండు లైన్లు రాశారు.

అందుకే కొలోసియం టికెట్ ఆర్కియలాజికల్ పార్క్ వాళ్ళ అఫీషియల్ సైట్‌లో, వాటికన్‌ది మ్యూజియమ్స్ వాళ్ళ సైట్‌లోనే కొనండి. గూగుల్‌లో పైన యాడ్స్‌గా వచ్చేవి చాలావరకు రీసెల్లర్లవే, డిజైన్ చూస్తే అఫీషియల్ అనిపిస్తుంది, మేము పడింది అక్కడే. అఫీషియల్‌లో టికెట్లు వెంటనే అయిపోతాయి, అది నిజమే, దాని వెనకా కథ ఉంది. టూర్ ఆపరేటర్లు బాట్స్‌తో, అంటే వాటంతటవే టికెట్లు కొనేసే సాఫ్ట్‌వేర్‌తో, పెద్దఎత్తున టికెట్లు లాగేశారని, మామూలు జనం కాంబోలు కొనక తప్పని పరిస్థితి వచ్చిందని 2025 ఏప్రిల్‌లో వ్యాపారాల్లో పోటీ సరిగ్గా ఉందో లేదో చూసే ఇటలీ కాంపిటీషన్ అథారిటీ, గతంలో కొలోసియం టికెట్లు అమ్మిన సంస్థ మీద, ఆరుగురు ఆపరేటర్ల మీద కలిపి దాదాపు 2 కోట్ల యూరోల ఫైన్ వేసింది. కాబట్టి మీ తేదీలకి స్లాట్లు ఎప్పుడు ఓపెన్ అవుతాయో ముందే చూసుకుని ఆ రోజే కూర్చోండి. గైడ్ కావాలంటే "లైవ్ గైడ్" అని స్పష్టంగా రాసుందా, ప్రతి ఒక్కరి పేరు టికెట్ మీద విడివిడిగా ఉందా, డబ్బు కట్టేముందే రాతపూర్వకంగా అడగండి. ఆదివారం వాటికన్ మ్యూజియమ్స్ మూసే ఉంటాయి, నెలలో ఆఖరి ఆదివారం తప్ప, అది తెలీకుండా ఆదివారానికి కాంబో ప్లాన్ చేసుకోకండి. భుజాలు మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి.

రెండూ ఒకే రోజు మాత్రం వద్దు, పెద్దవాళ్ళతో వెళ్తే అస్సలు వద్దు.

మర్నాడు పొద్దున ఏడింటికి సెయింట్ పీటర్స్ బాసిలికాకి వెళ్ళాం, లోపలికి టికెట్ లేదు, ఫ్రీ, ఆ టైమ్‌లో సెక్యూరిటీ క్యూ కూడా కొంచెమే. నా ఫ్రెండ్‌ని ఒకచోట కూర్చోబెట్టి గంటన్నర కదల్లేదు. డబ్బు వెనక్కి ఇప్పించమని కార్డ్ బ్యాంక్‌లో డిస్ప్యూట్ వేశాను, గేటు దగ్గర ఆపినప్పటి వాట్సాప్ మెసేజ్‌లు, వాళ్ళ యాడ్ స్క్రీన్‌షాట్ అడిగారు, అన్నీ పంపాను. మీరు ఇప్పటికే ఇలాంటిది కొనేసి ఉంటే ఆ యాడ్ పేజీ స్క్రీన్‌షాట్ ఇప్పుడే తీసి పెట్టుకోండి, మేము తిరిగొచ్చి చూసేసరికి వాళ్ళ పేజీలో "గైడ్‌తో సహా" అన్న మాట తీసేశారు.