రెసిడెంట్ ఈవిల్ 7: ఇన్నేళ్లయినా ఆ తలుపు తోయాలంటే జంకే

రెసిడెంట్ ఈవిల్ 7 అనే హారర్ వీడియో గేమ్ నడిచేది బేకర్ అనే కుటుంబం ఇంట్లో. అక్కడ తలుపులు రెండు విడతల్లో తెరుచుకుంటాయి. బటన్ నొక్కితే బెత్తెడు సందు వస్తుంది, అంతే. మిగతాది మనమే ముందుకు నడుస్తూ ఒంటితో తోసుకుంటూ వెళ్లాలి. ఆ సందులోంచి కాస్త గోడ, కాస్త చీకటి కనిపిస్తాయి. 2018లో సెకండ్‌హ్యాండ్ డిస్క్ కొని ప్లేస్టేషన్ 4లో మొదలుపెట్టాను. ఇప్పటికి ఆరుసార్లు పూర్తి చేశాను, ఏ గదిలో ఏముందో కళ్లు మూసుకుని చెప్పగలను. అయినా ఆ సందు దగ్గర బొటనవేలు ఒక్క క్షణం ఆగిపోతుంది.

ఈ సిరీస్‌కి తలుపులతో అనుబంధం పాతది. 1996 నాటి మొదటి గేమ్‌లో గది మారిన ప్రతిసారీ నల్లటి తెర మీద ఒక తలుపు మెల్లగా తెరుచుకునేది. అవతలి గది లోడ్ కావడానికి పట్టే సమయాన్ని కప్పిపుచ్చే ఏర్పాటు అది. కానీ గుండె దడంతా అక్కడే ఉండేది. తర్వాత 2005లో నాలుగో భాగం కెమెరాను హీరో భుజం వెనక్కి తెచ్చింది. అది గొప్ప గేమ్, అందులో నాకు రెండో మాట లేదు. అయితే ఆ దారినే పోయి పోయి 2012లో ఆరో భాగం వచ్చేసరికి పాత హీరోలు లియాన్‌కో కథ, క్రిస్‌కో కథ, ఎటు చూసినా పేలుళ్లు. చేతిలో అన్ని తుపాకులుంటే ఇంక భయమెక్కడిది?

2017 జనవరిలో ఏడో భాగాన్ని క్యాప్‌కామ్ విడుదల చేసింది. దర్శకుడు కోషి నకానిషి. లూసియానా చిత్తడి నేలల్లో ఒక పాడుబడ్డ ఇల్లు, మూడేళ్ల క్రితం కనిపించకుండా పోయిన భార్య మియాని వెతుక్కుంటూ వచ్చిన ఈథన్ అనే మామూలు మనిషి. అంతా అతని కళ్లలోంచే చూస్తాం. ఆ సంగతి విన్నప్పుడు నాకూ మింగుడుపడలేదు, ఇది రెసిడెంట్ ఈవిల్ ఎలా అవుతుందనుకున్నాను. ఆడాక తెలిసింది, చూపు మారినా ఇల్లు పాతదేనని. తేలు, కాకి, పాము బొమ్మలున్న తాళంచెవులు, ఇట్టే నిండిపోయే సంచి, సరుకు దాచుకునే పెట్టె, కాసేపు ఊపిరి పీల్చుకునే సేవ్ గది... అన్నీ 1996 నాటి తరహావే.

ఇంటిపెద్ద జాక్ గురించి చెప్పి తీరాలి. ఈథన్‌ని కట్టేసి కూర్చోబెట్టిన భోజనాల బల్ల దగ్గర్నుంచి తప్పించుకున్నాక అతను మనల్ని పిలుస్తూ వరండాల్లో తిరుగుతుంటాడు. కాలిస్తే పడిపోతాడు, మళ్లీ లేస్తాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే చెక్కనేల మీద అడుగుల చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలుస్తుంది. మొదటి రాత్రి నేను ఆ చప్పుడునే నమ్ముకుని ఒక మూల నక్కి కూర్చున్నాను. అది దూరమైందని లేచి నడిచాను. అతను తలుపు తీసుకుని రాలేదు, గోడ బద్దలు కొట్టుకుని వచ్చాడు! ఆ దెబ్బతో ఇంటి మీద నమ్మకమే పోయింది. కంట్రోలర్ పక్కన పెట్టి లైటు వేశాను.

దెబ్బ తగిలితే ఈథన్ మందు సీసా తీసి ఎడమచేతి మీద పోసుకుంటాడు. మొదట్లోనే రంపంతో తెగి, తర్వాత పిన్నులు కొట్టి అతికించిన చెయ్యి అది. మందు పోసిన ప్రతిసారీ ఆ మణికట్టు మన ముఖం ముందుకొస్తుంది. ఆరో భాగంలో ఎన్ని దెబ్బలు తిన్నా నాకు నొప్పి అనిపించలేదు. ఇక్కడ అనిపించింది.

వీడియో టేపుల ఆలోచన ఇంకా బాగుంది. దొరికిన టేపు పెడితే అందులోని మనిషిగా మనమే ఆడతాం. ఒక టేపులో క్లాన్సీ అనే కెమెరామన్, జాక్ కొడుకు లూకస్ పన్నిన పుట్టినరోజు ఆటలో ఒక్కో చిక్కూ విప్పుకుంటూ పోయి చివరికి మంటల్లో చిక్కుకుంటాడు. ఆ చిక్కులు విప్పింది మన చేతులే. తర్వాత ఈథన్‌ని అదే గదిలో పడేస్తే, క్లాన్సీ ప్రాణం పోగొట్టుకుని తెలుసుకున్న సంకేతపదాన్ని నేరుగా కొట్టేస్తాం. లూకస్ ఉడుక్కుంటాడు. నాకు మాత్రం అక్కడ ఎప్పుడూ క్లాన్సీయే గుర్తొస్తాడు.

కథ ఆ ఇల్లు దాటి ఒక పాడుబడ్డ ఓడలోకి వెళ్లాక పట్టు సడలుతుంది. ఇంట్లో అక్కడక్కడా కనిపించిన నల్లటి బురద రాక్షసులే మళ్లీ మళ్లీ ఎదురవుతారు, చివర ఉప్పు గనిలో మెషిన్‌గన్ పట్టుకుని నడుస్తుంటే పాత జబ్బు తిరగబెట్టినట్టు ఉంటుంది. అంతకుముందు మియా, జాక్ కూతురు జోయీ, ఈ ఇద్దరిలో ఒకరిని ఎంచుకోమంటారు గానీ ఎవరిని ఎంచుకున్నా చేరేది ఆ ఓడకే. ఇన్నిసార్లు ఆడినా ఈ భాగం నాకు నచ్చలేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నార్మల్ స్థాయిలోనే ఆడండి, రాత్రిపూట, హెడ్‌ఫోన్స్‌తో. అది అయ్యాక అన్నిటికన్నా కష్టమైన మ్యాడ్‌హౌస్ స్థాయికి రండి. అందులో సేవ్ చేయాలంటే క్యాసెట్ ఖర్చు పెట్టాలి, అవి లెక్కగానే దొరుకుతాయి. మొదటి గేమ్‌లో సేవ్ చేసుకోవడానికి టైప్‌రైటర్‌కి ఇంకు రిబ్బన్లు వెతుక్కున్న రోజులే మళ్లీ వచ్చినట్టు. ఏడోసారి ఇప్పుడు అలాగే ఆడుతున్నాను. జాక్ భార్య మార్గరీట్ ఉండే పాత ఇంటి గుమ్మం ముందు ఆగాను, చేతిలో రెండు క్యాసెట్లు మిగిలాయి. ఒకటి ఇక్కడ వాడాలా, లోపలికి వెళ్లొచ్చాక వాడాలా అన్నది శనివారం రాత్రికి తేల్చుకోవాలి.