బండి ముక్కు మీద పెట్టె: బరంపురం నుంచి కోరాపుట్ దాకా

తప్తపాణి ఘాట్ కింద టీ కొట్టు దగ్గర ఆగితే, కొట్టాయన మా బండి చుట్టూ ఓసారి తిరిగొచ్చి "ఐస్‌క్రీమా, బిర్యానీయా?" అని అడిగాడు. దార్లో సగం మంది అడిగేది అదే. నీటిబొట్టును పక్కకి పడుకోబెట్టినట్టు ఉంటుంది కాబట్టి దీన్ని టియర్‌డ్రాప్ ట్రైలర్ అంటారు. అమెరికాలో 1930ల నుంచీ జనం ఇళ్లలోనే తయారు చేసుకుంటున్న రకం. లోపల ఇద్దరు పడుకునే పరుపు, వెనక తలుపు పైకెత్తితే వంటగట్టు. నిలబడే ఎత్తు ఉండదు. సామాను పెట్టుకునే చోటు అసలే ఉండదు. అందుకే బండికీ కారుకీ మధ్య ఉండే మూడుమూలల ఇనుప చట్రం మీద ఓ పెట్టె బిగిస్తారు. ఆ పెట్టె కోసం నేను పడ్డ పాట్లే ఈ యాత్రలో ఎక్కువ భాగం.

మొదటి పెట్టెకి నేను పైసా ఖర్చు పెట్టలేదు. మా ఆవిడ పెళ్లికి పర్లాకిమిడి నుంచి తెచ్చుకున్న ట్రంకు పెట్టె అటక మీద ఉంటే దింపి, తాళ్లతో కట్టేశాను. "అది మా అమ్మ కొనిచ్చిందండీ, జాగ్రత్త" అంది తను. గోపాలపురం ఎంత దూరం, పదిహేను కిలోమీటర్లేగా అన్నాను.

అక్కడ దిగిన లాడ్జి పేరెందుకు గానీ, గది వద్దు, ఆవరణలో బండి నిలుపుకుని పడుకుంటాం, బాత్‌రూమ్ వాడుకుంటాం అంటే గది అద్దె మొత్తం తీసుకున్నారు. ఆవరణ ఇరుకు. రివర్స్ చేస్తుంటే కారూ ట్రైలరూ బాగా మడతపడి, ట్రంకు మూల మా బొలెరో బంపర్‌ని కుమ్మింది. బొలెరో వెనక తలుపు తెరవబోతే అదీ పూర్తిగా రాలేదు. ఆ తలుపు పక్కకి తెరుచుకుంటుంది, పైగా స్టెప్నీ దాని మీదే ఉంటుంది. ట్రంకు సరిగ్గా దానికి అడ్డం. తెల్లారేసరికి ఉప్పుగాలికి గొళ్లెం చుట్టూ ఎర్రటి తుప్పు, లోపల దుప్పటి తడి. గోపాలపురం సముద్రం ఒక పూట చూసి రావడానికి బాగుంటుంది గానీ, ఇనుప సామాను ఉన్న బండిని ఒడ్డున రాత్రంతా పెట్టాలని నాకిక లేదు. తీరంలోనే ఉండాలంటే చిలికా పక్కన రంభ నయం. అక్కడిది సరస్సు గాలి, అలల తుంపర మీద పడదు.

ఇంటికొచ్చి ఫ్రిజ్ అట్టపెట్టె ఒకటి కోసి, టేపు అంటించి ఉత్తుత్తి పెట్టె చేశాను. దాన్ని చట్రం మీద పెట్టి, ఖాళీ మైదానంలో కారుని అటూ ఇటూ పూర్తిగా తిప్పి వెనక్కి తోశాను. అట్ట నలిగిన చోటల్లా కత్తిరించుకుంటూ పోతే చివరికి మిగిలింది నలుచదరం కాదు, ముందు మూలలు రెండూ ఏటవాలుగా తెగిన ఆకారం. బండి ముక్కుని ఎత్తే జాకీ హ్యాండిల్ తిరగడానికీ, స్టెప్నీ తలుపు తెరుచుకోవడానికీ చోటు వదిలితే లోతు 45 సెంటీమీటర్లు మిగిలింది. వెడల్పు 105, ఎత్తు 40. కొనే ముందు అందరూ చెయ్యాల్సిన పని ఇదేనని నా నమ్మకం. అట్టకి తగిలితే నవ్వుకుంటాం, అల్యూమినియానికి తగిలితే రెండు చోట్ల ఖర్చు.

ఇక దేనితో చేయించాలి? ప్లాస్టిక్ పెట్టె తేలిక, తుప్పు ఉండదు. కానీ మన ఎండకి రెండేళ్లలో పెళుసెక్కుతుంది, మూత వంకర పోతే దుమ్ము ఆగదు, తాళం పేరుకే. ఇనుప రేకుదైతే ఏ ఊళ్లోనైనా అతుకు వేయించుకోవచ్చు. బరంపురంలో నాకు తెలిసిన వెల్డింగ్ మేస్త్రీ ట్రాక్టర్ టూల్ బాక్సులు చేస్తాడు. ఆయన మాట అదే: "ఇనుమే ఎయ్యి బాబూ, పర్లాకిమిడిలో పగిలినా పర్లాకిమిడిలోనే అతుకుద్ది." నిజమే. కానీ లెక్క వేస్తే 1.6 మిల్లీమీటర్ల ఇనుప రేకు ఒక్కటే ఈ కొలతకి 27 కిలోలు అవుతుంది. లోపల ఫ్రేము, బందులు కలిపితే 35. అదే 2 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు పదకొండున్నర కిలోలు, అన్నీ కలిపి 16. అల్యూమినియం అతకాలంటే ఆర్గాన్ వెల్డింగ్ కావాలి, అది అన్ని చోట్లా దొరకదు. అందుకని అతుకులకి బదులు రివెట్లు కొట్టించి, సందుల్లో సిలికాన్ నింపించాను. రివెట్ ఊడితే కొట్టుకునే గన్ను లోపలే ఒకటి పెట్టుకున్నాను. మేస్త్రీ మొహం కాస్త ముడుచుకున్నాడు గానీ పని మాత్రం చక్కగా చేశాడు.

బిగించేటప్పుడు ఆయన డ్రిల్లు తీసుకుని చట్రానికి కన్నాలు పెట్టబోయాడు. వద్దన్నాను. బండి బరువంతా లాగేది ఆ చట్రమే. రెండు ఇనుప యాంగిల్ ముక్కలు అడ్డంగా పరిచి, యూ బోల్టులతో పట్టించాం. యాంగిల్‌కీ అల్యూమినియానికీ మధ్య పాత లారీ ట్యూబు ముక్కలు. ఇనుమూ అల్యూమినియం నేరుగా తగిలి ఉంటే, వాటి మీద ఉప్పుతడి చేరితే అల్యూమినియం పొడిపొడిగా తినేసుకుపోతుంది. గోపాలపురం పక్కన ఉండేవాళ్లకి ఆ తెల్ల పొడి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, ఇళ్ల కిటికీ ఫ్రేములకి చూస్తూనే ఉంటాం.

పెట్టెలో పెట్టిన బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం, వంద ఆంపియర్‌ అవర్లది, బరువు పన్నెండు కిలోలు. ఇంట్లో ఇన్వర్టర్‌కి వాడే ట్యూబులర్‌ది అయితే దానికి మూడు నాలుగు రెట్లు బరువుంటుంది, పైగా చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, మూసిన పెట్టెలో అది ప్రమాదం. గ్యాస్ సిలిండర్ని మాత్రం ముందు పెట్టెలోకి రానివ్వలేదు. వంటగ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే అడుగున పేరుకుంటుంది. పక్కనే బ్యాటరీ, ఒక్క నిప్పురవ్వ చాలు. ఐదు కిలోల చిన్న సిలిండర్‌కి వెనక వంటగట్టు పక్కన, అడుగున బయటికి కన్నాలున్న వేరే అర చేయించాం.

బయల్దేరే ముందు రాత్రి మూత చుట్టూ వేసిన రబ్బరు బీడింగు పరీక్ష. లోపల టార్చి వెలిగించి మూత వేసి, లైట్లు ఆర్పి చూశాను. కుడి మూలలో సన్నటి వెలుగు గీత. బీడింగు సరిచేసి, ఈసారి కాగితం ముక్క మూత కింద పెట్టి లాగాను. చుట్టూ ఎక్కడా జారి రాకపోతే బిగుతుగా ఉన్నట్టు. ఇంకా ఎందుకైనా మంచిదని మూడు బకెట్ల నీళ్లు కుమ్మరించాను. పక్కింటివాళ్లు బండికి పూజ చేస్తున్నాననుకున్నారట.

తప్తపాణికి బరంపురం నుంచి యాభై కిలోమీటర్లు. కొండ వాలులో గంధకం వేడినీళ్ల ఊట, పక్కన కంధీ దేవి గుడి. పర్యాటక శాఖ పాంథనివాస్‌లో కొన్ని గదుల్లో స్నానానికి ఆ ఊటనీళ్లే వస్తాయి. మేము ఒక రాత్రి గది తీసుకుని, బండిని చెట్ల కింద నిలిపాం. ఈ మొత్తం ప్రయాణంలో డబ్బులకి తగ్గ బస ఏదంటే ఇదే అంటాను. కానీ తడిబట్టలు మూట కట్టి పెట్టెలో పడేసి మర్నాడు తెరిస్తే గంధకం కంపు. పెట్టెలో తడికి వేరే అర, దానికి అడుగున నీళ్లు పోయే కన్నం ఉండాలని అక్కడే తెలిసింది. ఇంటికెళ్లాక చేయించుకునే పనుల్లో మొదటిది అదే.

చంద్రగిరి దగ్గర టిబెట్ వాళ్ల కాలనీ 1963 నుంచి ఉంది. జిరాంగ్‌లోని పెద్ద బౌద్ధ మఠాన్ని 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. సాయంత్రం పూట మఠం ముందు మెట్ల మీద కూర్చుంటే కొండలన్నీ ఒకే నీలంలోకి మారిపోతాయి. ఒక నూడుల్స్ కొట్టు ఆవరణలో, వాళ్లని అడిగి, బండి పెట్టుకున్నాం. డబ్బులు వద్దన్నారు, రాత్రి భోజనం, పొద్దున టీ అక్కడే చేశాం. నీళ్లు మాత్రం క్యాన్లతో ముందే తెచ్చుకోవడం మంచిది.

పర్లాకిమిడిలో మా అత్తగారి ఇల్లు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. మా అత్తగారి నోటి ముందు ఏ గ్రాంథికమూ నిలబడదు. బండి దిగీ దిగకముందే పెట్టె చూసి, "ఏటి బాబూ, నా ట్రంకేదీ?" అన్నారు. మా ఆవిడ నా వైపు చూడలేదు. గోపాలపురం కథ సగమే చెప్పి బయటపడ్డాను.

మర్నాడు బయల్దేరేటప్పుడు ఆవిడ పాతిక కిలోల బియ్యం బస్తా, రెండు జాడీల ఆవకాయ, కొబ్బరికాయలు పెట్టెలో సర్దించారు. "ఇంత పెట్టె ఖాళీగా ఎందుకు బాబూ?" పెట్టెతో వచ్చే అసలు చిక్కు ఇక్కడుంది. చోటు కనిపిస్తే ఎవరి చెయ్యీ ఆగదు. అలా నలభై కిలోలు చేరాయి.

కాశీనగర్ దాటి గుణుపురం వైపు వెళ్తుంటే స్టీరింగ్ తేలిపోతున్నట్టు అనిపించింది. సాయంత్రం ఎదురొచ్చే లారీలు వరసగా లైట్లు కొడుతున్నాయి. మా హెడ్‌లైట్లు వాళ్ల కళ్లలోకి లేచాయి, అంటే కారు వెనక కూర్చుండిపోయింది. బియ్యం మిల్లు కాటా ఒకటి కనిపిస్తే ఆపి తూయించాను. బండి మొత్తం 660 కిలోలు. కారు కొక్కెం మీద పడే ముక్కు బరువు మొత్తంలో పది నుంచి పదిహేను శాతం ఉండాలి. తక్కువైతే వెనక భాగం తోకలా ఊగుతుంది, ఎక్కువైతే కారు ముందు చక్రాలు తేలికవుతాయి. కారు కొక్కేనికి దాని పరిమితి దానికి ఉంటుంది, అది మాన్యువల్‌లో చూసుకోవాలి. బరంపురంలో 620 కిలోల బండికి ముక్కు బరువు 78. ఇరుసు నుంచి కొక్కేనికి 2.6 మీటర్లు, ఇరుసు నుంచి పెట్టె మధ్యకి 1.9. అంటే పెట్టెలో వేసిన నలభైలో 29 కిలోలు నేరుగా ముక్కు మీదే. మొత్తం 107, పదహారు శాతం. బస్తా తీసి ఇరుసు మీదుగా పరుపు కింద నేల మీద పెట్టాం, జాడీలు కూడా. కారు నడుము లేచింది. ఆ రాత్రి బియ్యం బస్తాకి కాళ్లు ఆనించి పడుకున్నాం.

రాయగడలో హోటల్ పార్కింగ్ విశాలం, వాచ్‌మన్ తెలుగువాడు, రాత్రంతా బండికి కాపలా. ఊరు గురించి చెప్పేంతసేపు ఉండలేదు. మజ్జిగౌరి గుడికి వెళ్లి దణ్ణం పెట్టుకుని బయల్దేరాం.

లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ దాకా ఎర్రటి దుమ్ము. కారు వెనక చక్రాలు లేపే రాళ్లూ మట్టీ అన్నీ పెట్టె మొహానికే. వెనక మడ్‌ఫ్లాప్‌లు వేయించకపోయుంటే మూలలు సొట్టలు పోయేవి. గాలి కన్నాలు ముందువైపు కాక ట్రైలర్ వైపు పెట్టించడం నేను చేసిన తెలివైన పని. లోపల గుడ్డతో తుడిస్తే వేలికి అంటేంత దుమ్ము కూడా లేదు.

కోరాపుట్‌లో శబర శ్రీక్షేత్రం అనే జగన్నాథ మందిరం, పక్కనే గిరిజన మ్యూజియం. మ్యూజియానికి గంట కేటాయించండి. కాఫీ కొనుక్కోండి, ఈ కొండల్లో పండిందే. సెమిలిగుడలో ఒక లాడ్జి వాళ్లు గది అద్దెలో సగానికే ఆవరణ, బాత్‌రూమ్, కరెంటు ప్లగ్గు ఇచ్చారు. గోపాలపురంలోనూ ఇలాగే ఇవ్వొచ్చు కదా అనిపించింది. బండిని అక్కడే వదిలి, కారులో దేవమాలి ఎక్కాం. 1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. ట్రైలర్‌తో పైకి వెళ్లిన వాళ్లున్నారని విన్నాను గానీ, ఆ మలుపుల్లో ఎదురుగా జీపు వస్తే వెనక్కి తోసే ధైర్యం నాకు లేదు.

డిసెంబరు మంచు. పొద్దున పెట్టె తెరిస్తే మూత లోపలి వైపు చెమట పట్టినట్టు నీటి బొట్లు, టార్చి అట్టపెట్టె నానిపోయింది. బీడింగు లీకు కాదు, చల్లటి రేకుకి లోపలి గాలిలో తేమ పట్టింది. సెమిలిగుడ బజార్లో చాపలు అమ్మే కొట్టులో ఫోమ్ షీటు ముక్క కొని మూతకి లోపల అంటించాం. మర్నాటికి బొట్లు లేవు.

తిరుగు ప్రయాణం సుంకి ఘాట్ మీదుగా సాలూరు దిగి, విజయనగరం దగ్గర హైవే ఎక్కి. ఘాట్‌లో గేరు తగ్గించి, బ్రేకు అదేపనిగా నొక్కకుండా దిగాం. దిగువన టీ కోసం ఆపి, గుడ్డ తీసుకుందామని పెట్టె తాళం తీయబోతే చెవి లేదు. జేబుల్లో లేదు, డాష్‌బోర్డులో లేదు. అరగంట వెతికాక మా ఆవిడ తన పర్సులోంచి రెండో చెవి తీసింది. "ట్రంకు చెవి కూడా నా దగ్గరే ఉందండీ" అంది.