ఎనిమిదో అంతస్తులో డబుల్ బెడ్రూం: రెండేళ్లు దాటాక లిఫ్ట్ మీద నా రివ్యూ

తెలంగాణ గవర్నమెంటు పేదలకి ఫ్రీగా ఇచ్చిన డబుల్ బెడ్రూం ఇంట్లో ఏముంటుందో అందరికీ తెలుసు. 560 చదరపు అడుగులు, రెండు బెడ్రూములు, హాలు, వంటగది, రెండు టాయిలెట్లు, పట్టా ఇంటి ఆడమనిషి పేరు మీద. తలుపు దగ్గర మొదలుపెట్టి వంటగది గట్టు దాకా చూపించే వీడియోలు యూట్యూబ్‌లో బోలెడున్నాయి. ఆ వీడియోలు తీసినవాళ్లు లిఫ్ట్‌లో పైకి వెళ్లి, లిఫ్ట్‌లో కిందికి వచ్చి, బండెక్కి వెళ్లిపోయారు. నేను లిఫ్ట్ గురించే రాస్తాను. మిగతాది అవసరమైనంత వరకే.

మా కాలనీ పేరు రాయను. రోజూ మొహాలు చూసుకోవాల్సిన మనుషులున్నారు. ఔటర్ రింగ్ రోడ్డు దాటాక ఉంటుంది, మాది ఎనిమిదో అంతస్తు. 2023లో డ్రాలో వచ్చింది. డ్రా అంటే ఇల్లు వస్తుందా రాదా అన్నంతవరకే మనకు తెలుస్తుంది. ఏ బ్లాకు, ఏ అంతస్తు అన్నది కంప్యూటర్ చెప్పాలి. మోకాళ్ల నొప్పి వికలాంగుల సర్టిఫికెట్ కిందికి రాదు కాబట్టి మా అత్తమ్మని చూపించి కింది అంతస్తు అడిగే వీలు కూడా లేకపోయింది.

అంతకుముందు ముషీరాబాద్‌లో అద్దెకుండేవాళ్లం. ఒక గది, ఒక వంటగది, నాలుగు కుటుంబాలకు కలిపి బయట ఒక బాత్రూం. ఖాళీ చేసేనాటికి అద్దె ఆరు వేలు, కరెంటుకి సబ్‌మీటరు మీద ఓనర్ చెప్పిన రేటు. అద్దె కష్టాలన్నీ రాస్తే ఒడవవు. ఒక్కటి మాత్రం చెప్పాలి, అది చెప్పకపోతే లిఫ్ట్ మీద నా కోపం మీకు అర్థం కాదు. అద్దె ఇళ్లల్లో ఉండేవాళ్లకి చావు కూడా ఒక టెన్షనే. ఆస్పత్రిలో మనిషి పోతే శవాన్ని ఇంటికి తేనివ్వని ఓనర్లు హైదరాబాద్‌లో కొత్తేం కాదు. వాకిట్లో కూడా కాదు, రోడ్డు మీద టెంట్ వేసుకుని ఏడ్చిన వాళ్లను మా గల్లీలోనే చూశాం. దినాలు అయ్యేదాకా గదికి రావొద్దన్నారని ఎక్కడో తలదాచుకున్న కుటుంబాన్నీ చూశాం. మా అత్తమ్మకి షుగర్, మోకాళ్లు, దాంతో పాటు ఈ దిగులు. "మనసొంటోళ్లు సావాలన్నా ఓనర్ని అడిగి సావాలె" అనేది. నవ్వుతూనే అనేది కానీ జ్వరమొచ్చిన ప్రతిసారీ అనేది.

అందుకే తాళాలు ఇచ్చిన రోజు ఆమె టైల్స్ చూడలేదు, ట్యాపులు తిప్పి చూడలేదు. హాలు మధ్యలో నిలబడి "ఈడ పండవెడితే సాలు, ఎవ్వడు ఎల్లగొట్టడు" అంది.

మొదటి ఏడాది నిజంగా బాగుంది. నీళ్లు వచ్చేవి, లిఫ్ట్‌లు రెండూ నడిచేవి, చుట్టాలొస్తే ఎన్ని రోజులుంటారని అడిగేవాళ్లు లేరు. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో నెలకు ఆరు వేలు మిగులుతున్నాయని గొప్పగా పెట్టాను. ఆ లెక్కలో మా ఆయన బస్సు ఖర్చు లేదు. ఆయన సుల్తాన్ బజార్‌లో బట్టల షాపులో సేల్స్‌మన్. రాత్రి షట్టర్ దించాక బస్సు దొరక్కపోతే షేర్ ఆటో, అదీ లేకపోతే ఎవరి బండి వెనకో. నాది బ్లౌజులు కుట్టే పని, పీకో, ఫాల్స్. గిరాకీలంతా పాత గల్లీలోనే ఉండిపోయారు. కొత్త కాలనీలో ప్రతి అంతస్తుకీ ఒక కుట్టుమిషన్ ఉంది, కుట్టించుకునే వాళ్లే తక్కువ. ఇప్పుడు లెక్కేస్తే మిగిలేది అద్దెలో సగం. సగమైనా మిగులుతోందంటే 2023 డిసెంబరులో మహాలక్ష్మి కింద ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ అవడం వల్లే. వారానికి రెండుసార్లు సంచీ వేసుకుని, ఆధార్ చూపించి, జీరో టికెట్ తీసుకుని ముషీరాబాద్ వెళ్తాను, జాకెట్ గుడ్డలు తెచ్చుకుంటాను. ఇల్లు ఒక గవర్నమెంటు ఇచ్చింది, ఆ ఇంట్లో ఉండి బతకడానికి బస్సు ఇంకో గవర్నమెంటు ఇచ్చింది. పార్టీల వాళ్లు దీని మీద కొట్టుకోవచ్చు, నాకైతే రెండూ కలిస్తేనే ఒక పథకం అయింది.

ఇక లిఫ్ట్.

వానాకాలంలో ఒకరోజు కిందున్న లిఫ్ట్ గుంతలోకి నీళ్లు చేరాయి. ఒక లిఫ్ట్ ఆగింది. అప్పటికే రెండోది మొరాయిస్తూ నడుస్తోంది. అందరూ దాని మీదే పడ్డారు, సామాన్లు, నీళ్ల క్యాన్లు, పెళ్లి కుర్చీలు. వారం తిరక్కుండా అదీ ఆగింది. మెకానిక్ వచ్చి చూసి లోపల బోర్డు కాలిపోయిందన్నాడు. వారంటీ అయిపోయింది, ఏడాదికింత అని కట్టే మెయింటెనెన్స్ ఒప్పందం ఎవరూ మళ్లీ రాయించలేదు, డబ్బు కట్టేదెవరో చెబితే పని మొదలుపెడతానని చెప్పి వెళ్లిపోయాడు. ఆఫీసుకి వెళ్తే ఇళ్లు అప్పజెప్పేశాం కాబట్టి ఇక మీ బ్లాకు కమిటీదే అన్నారు. మరో ఆఫీసుకి వెళ్తే మొదటి ఆఫీసుకే వెళ్లమన్నారు. ఈలోగా మెట్ల లైట్లకూ మోటారుకూ లిఫ్ట్‌లకూ కలిపి ఉన్న మీటరు బిల్లు పేరుకుపోయిందని ఇంకో కాగితం వచ్చింది. మన ఇంటి మీటరుకి 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తుంది. ఆ ఉమ్మడి మీటరుకి రాదు.

ఎనిమిది అంతస్తులు ఎక్కడం నాకూ పిల్లలకూ కష్టమే కానీ అలవాటు పడ్డాం. గ్యాస్ బాబు సిలిండర్ కింద పెట్టి ఫోన్ చేసేవాడు, పైకి తేవాలంటే వంద పైన అడిగేవాడు. అడగడంలో తప్పేం లేదు. కూరగాయలకి బకెట్‌కి తాడు కట్టి దించే వాళ్లం. అత్తమ్మ మాత్రం దిగలేదు. దిగితే మళ్లీ ఎక్కలేనని తెలిసి దిగలేదు. ముషీరాబాద్‌లో అరుగు మీద కూర్చుని సగం రాంనగర్‌ని పలకరించే మనిషి, ఆ వానాకాలం అంతా కిటికీ దగ్గర కూర్చుంది. షుగర్ చెకప్ తప్పింది. మాత్రలు పాత చీటీ మీదే తెచ్చాను.

ఆ రోజుల్లోనే ఐదో అంతస్తులో ఒక పెద్దాయన పోయారు. శవాన్ని మెట్ల మీదుగా దించాలి. మా మెట్లు మలుపు దగ్గర ఇరుకు, పాడె తిరగదు. చివరికి దుప్పట్లో వేసి నలుగురు పట్టుకుని, మలుపు మలుపుకీ ఆగుతూ దించారు. ఆయన కొడుకు "నాయనకు తగులుతది, జాగ్రత్త" అని అంటూనే ఉన్నాడు. అత్తమ్మ పైన మెట్ల రెయిలింగ్ పట్టుకుని అంతా చూసింది. లోపలికొచ్చి "ఎల్లగొట్టెటోడు లేడు, మంచిదే. మరి నన్ను కిందికెట్ల దింపుతర్రా?" అంది. మా ఆయన లిఫ్ట్ బాగవుతుందమ్మా అన్నాడు. అన్నాడు కానీ ఆ లిఫ్ట్ ఎనిమిది మంది నిలబడేంతే, మనిషిని పడుకోబెట్టి తేవడానికి బాగున్న లిఫ్ట్ కూడా చాలదు. ఈ సంగతి ఆమెకి ఇప్పటికీ చెప్పలేదు.

తర్వాత మొదలైంది చందాల గొడవ. నన్నడిగితే బోర్డు కాలిపోవడం చిన్న సంగతి, పాడైంది ఇక్కడే. బ్లాకులో వందకు పైగా ఇళ్లు. ఇంటికి 300 చొప్పున నెలనెలా వేసుకుంటే కరెంటూ లిఫ్టూ వాచ్‌మనూ గట్టెక్కుతాయని ఒకరు లెక్క చెప్పారు. వినడానికి బాగానే ఉంది. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు మేం లిఫ్ట్ ఎక్కం, ఎందుకు కట్టాలన్నారు. అయితే అంతస్తును బట్టి రేటు పెడదాం, కింద వంద, పైన నాలుగు వందలు అని ఇంకొకరన్నారు. అందరికీ ఫ్రీగా వచ్చిన ఇల్లే, పైన పడ్డందుకు మేమెందుకు ఎక్కువ కట్టాలని తొమ్మిదో అంతస్తు వాళ్లు లేచారు. మూడో అంతస్తు వాళ్లు మేం ఎటూ మెట్లే ఎక్కుతున్నామన్నారు, వాళ్లింటికి ఫ్రిజ్ వచ్చిన రోజు అందరం చూశాం. ఇవి పక్కన పెడితే చాలా ఇళ్లకు తాళాలు. పని సిటీలో, పిల్లల స్కూలు సిటీలో, అందుకని తాళం వేసి మళ్లీ అక్కడే అద్దెకున్న వాళ్లున్నారు. వాళ్లను తప్పు పట్టలేను, పొద్దున ఐదింటికి ఇళ్లల్లో పనికెళ్లే మనిషి ఇక్కడినుంచి ఏ బస్సు పట్టుకుని వెళ్లాలి? అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు అని రూల్ ఉంది. ఉన్నా కొన్ని ఇళ్లల్లో అద్దెకున్నారు. అలాంటి ఒక ఇంటికి చందాకి వెళ్తే ఆమె తలుపు సగం తీసి "ఓనర్ని అడగండక్కా" అంది. ముషీరాబాద్‌లో వదిలేసి వచ్చాననుకున్న మనిషి ఇక్కడ రెండో అంతస్తులో కూడా ఉన్నాడు.

మా పాత గల్లీలో ఉంటే ఈ గొడవ ఇన్నాళ్లు సాగేది కాదని నా అభిప్రాయం. అక్కడ బోనాలకైనా గణేశుడికైనా చందా అడిగేవాడు ఎవరి కొడుకో తెలుసు, ఎగ్గొట్టిన వాడు పొద్దున బోరింగు దగ్గర కనపడాలి. డ్రాలో సిటీ నలుమూలల నుంచి వచ్చిన వాళ్లని ఒక బ్లాకులో కలిపారు. పక్కింటివాళ్ల పేరు తెలియడానికే ఆరు నెలలు పట్టింది, డబ్బు చేతికివ్వడానికి ఇంకెంత కాలం పడుతుంది? ఈ స్కీములో మొట్టమొదట, 2015లో, భోయిగూడ ఐడీహెచ్ కాలనీలో కట్టిన 396 ఇళ్లను మేం చూసొచ్చాం. పాత కాలనీ ఉన్న జాగాలోనే కట్టారు, జీ ప్లస్ టూ, అంటే గ్రౌండ్ ఫ్లోర్ మీద రెండే అంతస్తులు. గాంధీ ఆస్పత్రి పక్కనే. లిఫ్ట్ అక్కర్లేదు, పనులు పోలేదు, ఇరుగుపొరుగు మారలేదు. అది చూసే మేమంతా దరఖాస్తు పెట్టాం. తర్వాత సిటీకి లక్ష ఇళ్లు అన్నప్పుడు లోపల అంత జాగా ఎక్కడిది, ఎత్తు పెరిగింది, దూరం పెరిగింది. 2023లో కొల్లూరులో ఒక్కచోటే 15,660 ఇళ్లు ప్రారంభించారు. ఆ అంకె విని అందరూ అబ్బో అన్నారు. ఇప్పుడు నాకు ఆ అంకె వింటే ఎన్ని లిఫ్ట్‌లు, ఎవరు కడతారు అనే వస్తుంది నోట్లో. కట్టడానికి ఇంటికి లక్షలు పెట్టినవాళ్లు, నడపడానికి నెలకు ఇంత అని ఎక్కడో రాసి పెట్టి ఉంటే బాగుండేది.

మా లిఫ్ట్ ఒకటి చివరికి బాగైంది. ఏ ఆఫీసూ చేయలేదు, కమిటీ మగవాళ్లూ చేయలేదు. పొద్దున ఒకే బస్సెక్కే ఆడవాళ్లం నలుగురం బస్సులోనే మాట్లాడుకుని, పొదుపు సంఘంలో రాసినట్టు ఒక నోట్‌బుక్ పెట్టాం. పేరు, ఇంటి నంబరు, ఇచ్చింది ఎంత, సంతకం. నోట్‌బుక్‌ని కింద గోడకి మేకు కొట్టి వేలాడదీశాం, ఎవరైనా చూసుకోవచ్చు. మున్సిపాలిటీలో ఊడ్చే పని చేసే ఒక అక్క దగ్గర డబ్బు ఉంచాం, ఆమెను ఎవరూ అనుమానించరు, అనుమానించినా ఆమె ఊరుకోదు. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లను లిఫ్ట్‌కి కాదు, నీళ్ల మోటారుకి ఇవ్వమన్నాం, సగం మంది ఇచ్చారు. ఓనర్ని అడగమన్న ఆమె కూడా తన సొంత డబ్బు రెండు వందలు ఇచ్చింది. బోర్డు మార్పించాం. నీళ్లు మళ్లీ దిగకుండా గుంత చుట్టూ సిమెంటు గట్టు కట్టించాం.

ఇప్పుడు ఒక లిఫ్ట్ నడుస్తోంది, పొద్దున ఆరు నుంచి పది, సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది. మిగతా టైములో కరెంటు ఆదా కోసం ఆపేస్తాం. లోపల ఫ్యాన్ తిరగదు. మా ఆయన షాపు కట్టేసి వచ్చేసరికి తొమ్మిది దాటుతుంది కాబట్టి ఆయన మెట్లే. అత్తమ్మ సాయంత్రం నాలుగింటికి చెప్పులేసుకుని రెడీగా ఉంటుంది. కింద ఆమెకి ముగ్గురు దోస్తులయ్యారు. ఆ రెండో లిఫ్ట్‌కి కూడా డబ్బు కూడబెడుతున్నాం, నోట్‌బుక్‌లో సంతకాలు మాత్రం మొదట్లో ఉన్నన్ని లేవు.

తీసుకోవచ్చా అని అడిగేవాళ్లకి నా మాట. ఇంట్లో ఇద్దరు సంపాదిస్తూ, అందులో ఒకరు ఇంటి దగ్గర చేసుకునే పని అయి, పిల్లలు స్కూలు మారడానికి ఒప్పుకుంటే బాగుంటుంది. మాకు బాగుంది, లిఫ్ట్‌ని ఇన్ని తిట్టినా మళ్లీ అద్దెకి పోను. ఇవే రెండు గదులు గవర్నమెంటు ముషీరాబాద్‌లో రెండు మూడు వేల అద్దెకి ఇస్తానంటే మాత్రం ఆలోచించేదాన్ని. అలాంటిది అడిగిన వాళ్లూ లేరు, ఇచ్చేవాళ్లూ లేరు. ఇప్పుడొచ్చిన ఇందిరమ్మ ఇళ్ల 5 లక్షలేమో సొంత జాగా ఉన్నవాళ్లకి ముందు. సిటీలో కిరాయికుండే వాళ్లకి జాగా ఎక్కడిది?

మా ఆడపడుచు భోలక్‌పూర్‌లో ఒక్క గదిలో ఉంటుంది, ఒంటరి మనిషి, హిమాయత్‌నగర్‌లో మూడిళ్లల్లో వంట. ఆమె కూడా దరఖాస్తు పెట్టింది. ఇలాంటి చోట పేరొస్తే ఏం చేయాలొదినా అని అడిగింది. మొదటి పని ఏడింటికి పోయినా ఫర్వాలేదని ఆ ఇంటి అమ్మగారు ఒప్పుకుంటారో లేదో ముందు కనుక్కో, అంతస్తు మూడు దాటితే మళ్లీ ఫోన్ చేయి అన్నాను.