స్టీలు నీళ్ల గిన్నె: కొనే ముందు పైపు సంగతి చూడండి

పాడి గేదెల కొట్టాల్లో ఇప్పుడు ఎక్కువగా బిగిస్తున్నది ఫ్లోటు ఉన్న స్టీలు నీళ్ల గిన్నె. రెండు మూడు లీటర్లు పడుతుంది. పక్కన చిన్న అరలో ఫ్లోటు, దాని మీద మూత ఉంటాయి. గేదె తాగేకొద్దీ మట్టం తగ్గి, ఫ్లోటు కిందికి దిగి, వాల్వు తెరుచుకుంటుంది. అర్ధరాత్రి దాహం వేసినా పశువు ముందు నీళ్లుంటాయి. పాలల్లో నూటికి 80 పాళ్లకు పైగా నీరే కాబట్టి రెండు పూటలా బకెట్లతో పెట్టేదానికన్నా ఇది ఎంతో మేలు. గిన్నెకు మా ఓటు ఉంది, కానీ ఒక షరతు మీద.

ఆ షరతు నీళ్లొచ్చే వేగం. గేదె మూతి ముంచి పీల్చుకుంటుంది, నిమిషానికి పది లీటర్లు తేలిగ్గా లాగేస్తుంది. గిన్నెలో ఉన్నది నాలుగు గుక్కల్లో అయిపోతుంది, ఆ తర్వాత పైపు ఇచ్చినంతే. నిమిషానికి రెండు మూడు లీటర్లే వస్తుంటే గేదె గిన్నె అడుగు నాకి తల తిప్పేసుకుంటుంది. ఎప్పుడు చూసినా గిన్నె నిండే కనిపిస్తుంది కాబట్టి పాలు ఎందుకు తగ్గాయో రైతుకు అంతుపట్టదు. పరీక్ష చాలా సులువు. గిన్నె అడుగు బిరడా తీసి కింద బకెట్టు పెట్టండి. ముందున్న నీళ్లు పోనిచ్చి అప్పుడు టైము చూడండి. 10 లీటర్ల బకెట్టు నిమిషంలో నిండాలి.

నిండకపోతే ముందు అనుమానించాల్సింది వాల్వునే. షాపుల్లో రెండు రకాలు కలిపి అమ్ముతారు. హై ప్రెషర్ వాల్వుకు లోపలి రంధ్రం సన్నం, అది మోటారు లైనుకు పనికొస్తుంది. పది అడుగుల ఎత్తులో ఉన్న ట్యాంకు ఇచ్చే ప్రెషర్ చదరపు సెంటీమీటరుకు సుమారు 0.3 కేజీలే. దానికి రంధ్రం పెద్దగా ఉన్న లో ప్రెషర్ వాల్వే పెట్టాలి. తారుమారైతే ఒకచోట నీళ్లు చాలవు, మరోచోట వాల్వు మూసుకోక గిన్నె పొర్లిపోతుంది. మూతితో రేకు నొక్కితే నీళ్లొచ్చే రకం గిన్నె కూడా ఉంది. ట్యాంకు లైనుకు అది వద్దు.

తర్వాత పైపు. ట్యాంకు నుంచి కొట్టం చివరిదాకా అంగుళం లైను వేసి, గిన్నె దగ్గర చివరి అడుగు మాత్రమే అరంగుళానికి తగ్గించాలి. మొదటి నుంచీ అరంగుళమే వేస్తే, మేత తిన్నాక అన్నీ ఒకేసారి తాగేటప్పుడు చివరి గేదెకు చుక్క రాదు. లైనును రింగులా తిప్పి మళ్లీ ట్యాంకు వైపు కలిపితే ఇంకా మంచిది. ట్యాంకు దగ్గర జాలీ ఫిల్టరు, ప్రతి గిన్నెకు ఒక బాల్ వాల్వు, ఒక యూనియన్ (పైపు కోయకుండా విప్పి బిగించుకునే జాయింటు) తప్పనిసరి. ఒక గిన్నె విప్పడానికి కొట్టమంతా నీళ్లు ఆపే అవస్థ ఉండదు. ఫ్లెక్సిబుల్ గొట్టం పెట్టకండి, గేదెలు లాగేస్తాయి.

గిన్నె అంచు గేదె నిలబడే నేల నుంచి రెండు, రెండున్నర అడుగుల ఎత్తులో ఉండాలి. ఇంకా కిందికైతే పేడ పడుతుంది. రెండు గేదెలకు ఒకటి చాలు. గాడి మీదనే బిగిస్తే తవుడు, దాణా రాలి సాయంత్రానికి పులిసిపోతుంది, కాస్త పక్కకు జరపండి. ఇటుక గోడకు ప్లాస్టిక్ గట్టాలు కొట్టి స్క్రూలు బిగిస్తే గేదె మెడ రుద్దుకోగానే ఊడొస్తాయి. గోడకు అవతల రేకు పెట్టి ఆర్‌పార్ బోల్టులు వేయించండి. ఇనుప స్తంభమైతే యూ క్లాంపులు చాలు.

గిన్నె పొర్లుతోందంటే సాధారణంగా వాషరు కింద ఇసుక రేణువో, బోరు ఉప్పు పెచ్చో ఇరుక్కుని ఉంటుంది. వాషరు, అది ఆనుకునే సీటు విప్పి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో అరగంట నానబెట్టి బ్రష్‌తో రుద్దితే పోతుంది. అప్పటికీ ఆగకపోతే ఫ్లోటు ఊపి చూడండి. లోపల నీళ్ల చప్పుడు వస్తే చిల్లు పడ్డట్టే, మార్చడమే. వాషరు గట్టిపడినా ఇదే తంటా, అదనంగా నాలుగు కొని పెట్టుకోండి.

అడుగు బిరడా లేని మోడల్ ఎంత చవకైనా కొనకండి. రోజూ ఒకసారి బిరడా తీసి చేత్తో తుడవకపోతే మూడు రోజుల్లో పాకుడు పట్టి, గేదె మూతి దగ్గరకు తెచ్చి వాసన చూసి వెనక్కి తగ్గుతుంది.

కట్టేయకుండా వదిలి పెంచే పది, పన్నెండు గేదెల మందకు ఈ గిన్నెలు తగవు. వాటికి పొడవాటి సిమెంటు తొట్టి, దానికి అంగుళం ఫ్లోటు వాల్వు, దాని మీద గేదె మూతి తగలకుండా ఇనుప మూత కావాలి. తొట్టి లోపలికి పదిహేను రోజులకోసారి సున్నం వేసి, ఆరాక నీళ్లు పడితే నాచు పట్టదు.

ఏది పెట్టినా నల్ల పైపును ఎండలో నేలమీద వదలొద్దు. మే నెలలో అందులో నిలిచిన నీళ్లు చెయ్యి పెట్టలేనంతగా కాగుతాయి, గేదె తాగదు. అడుగు లోతున పూడ్చండి, ట్యాంకుకు పందిరి వేయండి.