కొండమీది చిత్తడి నేల: ఎండగట్టాలా, నీళ్లు నింపాలా, ఏది మేలు?

చిత్తడి నేలలు భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు వదులుతాయి కదా, నీళ్లు తీసేసి ఎండగడితే పీడా పోతుందిగా అని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. మీథేన్ ఒక్కదాన్నే చూస్తే ఆ మాట దాదాపు నిజమే. చిక్కంతా మిగతా లెక్కలోనే ఉంది.

టిబెట్ పీఠభూమి తూర్పు అంచున, దాదాపు 3,400 మీటర్ల ఎత్తులో జోయిగే అనే చోటుంది. నీరూ చలీ కలిసి గడ్డినీ వేళ్లనీ పూర్తిగా కుళ్లనివ్వకపోవడంతో వేల ఏళ్లలో అవి పొరలు పొరలుగా పేరుకుని పీట్ నేలగా మారాయి. 1960లు, 70లలో పశువుల మేత కోసం అక్కడ కాలవలు తవ్వి నీళ్లు బయటికి తోడారు. నీరు దిగిన చోటికి గాలి దూరింది, గాలి దొరకగానే సూక్ష్మజీవులు ఆ పాత నిల్వ మీద పడ్డాయి. దాంతో కార్బన్ డయాక్సైడ్ మొదలైంది, ఇక పీట్ అయిపోయేదాకా వస్తూనే ఉంటుంది. నత్రజని ఎక్కువున్న నేలైతే నైట్రస్ ఆక్సైడ్ కూడా తోడవుతుంది, వందేళ్లలో భూమిని ఎంత వేడెక్కిస్తుందో లెక్కేస్తే దాని ఘాటు కార్బన్ డయాక్సైడ్‌కి 273 రెట్లు. పోనీ మీథేన్ అయినా పూర్తిగా ఆగుతుందా అంటే అదీ లేదు, తవ్విన కాలవల్లో నిలిచిన నీళ్లలోంచి అది బుడగలుగా వస్తూనే ఉంటుంది.

సరే, కాలవలు మూసేసి నిండా నీళ్లు పెడదామా? అందులోనూ తొందరపాటు ఉంది. మునిగిన పచ్చగడ్డి నీళ్లలో కుళ్లి మొదటి కొన్నేళ్లు మీథేన్ జోరుగా వదులుతుంది. దాని ఘాటు వందేళ్లకు లెక్కేస్తే సుమారు 27 రెట్లు, 20 ఏళ్లకే లెక్కేస్తే 80 దాకా. ఏ లెక్క తీసుకున్నారో చెప్పకుండా వాదించేవాళ్లను నేను పెద్దగా పట్టించుకోను. అయితే మీథేన్ గాలిలో ఉండేది పన్నెండేళ్లు అటూఇటూ, కార్బన్ డయాక్సైడ్‌లో మాత్రం చాలా భాగం వందల ఏళ్లు పేరుకునే ఉంటుంది. అందుకే ఈ రెండే దారులైతే నా ఓటు నీళ్లకే.

కానీ మూడోదుంది, నాకు నచ్చేది అదే: నీటిమట్టాన్ని నేలకు బెత్తెడు కిందే ఉంచడం. కింద పీట్ తడిగా ఉండి కుళ్లదు, పైనున్న ఆ సన్నటి పొరలో గాలి ఆడుతుంది కాబట్టి అక్కడి బ్యాక్టీరియా పైకొచ్చే మీథేన్‌ని చాలావరకు తినేస్తుంది. ఒక్క మెలిక, తుంగ మొక్కల లోపలి గాలి గొట్టాల గుండా కొంత మీథేన్ ఆ పొరకి చిక్కకుండా నేరుగా బయటపడుతుంది. కాబట్టి అక్కడ ఏ మొక్క పెరుగుతోందో చూడకుండా నీటిమట్టం ఒక్కటే కొలిస్తే చాలదు.

కొలతల దగ్గరా ఎత్తు ప్రదేశాలు మోసం చేస్తాయి. ఎండాకాలంలో మాత్రమే కొలిచి ఏడాది లెక్క కట్టేస్తే, చలికాలమంతా మంచు కింద చిక్కుకుని కరిగేటప్పుడు ఒక్కసారిగా బయటపడే వాయువు లెక్కలోకే రాదు.

ఆండీస్‌లోని బోఫెదాల్ చిత్తడి నేలల కథ వేరు. పెరూ, బొలీవియాల్లో 4,000 మీటర్ల పైన అల్పాకాలు మేసే ఈ నేలల్లో కొన్నిటికి నీళ్లొచ్చేది హిమానీనదాల నుంచే, అవి తరిగిపోతే మట్టం ఎక్కడుండాలో నిర్ణయించే అవకాశమే మన చేతిలో ఉండదు. జోయిగే లాంటి చోట మాత్రం కాలవకి ఒకే పెద్ద అడ్డుకట్ట వేయకండి. వాలు నేలలో కట్ట దగ్గర చెరువు నిలుస్తుంది, కాస్త ఎగువకి వెళ్తే పొడిగానే ఉంటుంది. చిన్న చిన్న కట్టలు మెట్లు మెట్లుగా వేస్తేనే ఆ బెత్తెడు మట్టం కాలవ పొడవునా నిలబడుతుంది.