ఎర్త్ ఫాల్ట్‌కి ఏది మేలు: ఏసీబీలో ఉన్న జీ సెట్టింగా, విడిగా సీబీసీటీనా?

బెంగళూరులో అపార్ట్‌మెంట్ల ప్యానెల్ పనులు చూసే మనవాళ్ళు నన్ను తరచూ అడిగేది ఇదే: "ఏసీబీ రిలీజ్‌లో ఎల్‌ఎస్‌ఐజీ ఉంది కదండీ, ఆ జీ ఆన్ చేసుకుంటే సరిపోదా, మళ్ళీ సీబీసీటీ, దానికో రిలే, ఎందుకు దండగ?" ఎర్త్ ఫాల్ట్ అంటే కరెంటు దారి తప్పి భూమిలోకి పోవడం. ఏసీబీ అంటే ప్యానెల్‌లోని పెద్ద ఎయిర్ సర్క్యూట్ బ్రేకర్, రిలీజ్ అంటే లోపం చూసి దాన్ని ట్రిప్ చేయించే యూనిట్. ఎల్‌ఎస్‌ఐజీలో ఎల్ ఓవర్‌లోడ్‌కి, ఎస్, ఐ షార్ట్ సర్క్యూట్‌కి, జీ ఎర్త్ ఫాల్ట్‌కి. సీటీ అంటే కరెంటు కొలిచే చిన్న ట్రాన్స్‌ఫార్మర్, సీబీసీటీ అంటే వైర్లన్నీ కలిపి ఒకే రింగులోంచి పోనిచ్చే కోర్ బ్యాలెన్స్ సీటీ, అది చూసినదాన్ని బట్టి ట్రిప్ సిగ్నల్ ఇచ్చేది రిలే. కొన్నిచోట్ల సరిపోతుంది, కొన్నిచోట్ల సరిపోదు. నా లెక్కలో అది తేల్చేది న్యూట్రల్, బ్రేకర్ కంపెనీ కాదు.

రిలీజ్‌లోని జీ చేసేది రెసిడ్యువల్ లెక్క, అంటే మిగులు లెక్క. బ్రేకర్ లోపలి ఫేజ్ సీటీల కరెంట్లన్నీ కూడి, సున్నా రాకపోతే మిగిలింది ఎర్త్‌లోకి పోయిందనుకుంటుంది. న్యూట్రల్ లేని మోటార్ ఫీడర్‌కి (ప్యానెల్ నుంచి మోటారుకి పోయే లైనుకి) ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. అపార్ట్‌మెంట్‌లో అలా కాదు. ఒక ఫేజ్ మీద గీజర్లు ఎక్కువ, ఇంకోదాని మీద సగం ఫ్లాట్లు ఖాళీ, పైగా ఎల్‌ఈడీలు, కంప్యూటర్ల మూడో హార్మోనిక్ (మామూలు ఫ్రీక్వెన్సీకి మూడింతలుండే కరెంటు) మూడు ఫేజుల నుంచీ న్యూట్రల్‌లోకి వచ్చి కలుస్తుంది కాబట్టి లోడ్ ఎంత సమంగా పంచినా న్యూట్రల్‌లో కరెంటు ఉండనే ఉంటుంది. త్రీ పోల్ ఏసీబీ (న్యూట్రల్ తన లోపలినుంచి పోనిది) పెట్టి, బయట న్యూట్రల్ సీటీ పెట్టకపోతే ఆ కరెంటంతా రిలీజ్‌కి ఎర్త్ ఫాల్ట్‌లాగే కనిపిస్తుంది. సీటీ పెట్టి పోలారిటీ (కనెక్షన్ దిశ) తిరగేస్తే ఇంకా ఘోరం, తీసేయాల్సింది కూడుతుంది. సాయంత్రం లోడ్ పెరిగినప్పుడే ట్రిప్ అవుతూ, మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) పెడితే ఏ లోపమూ దొరకడం లేదంటే నేను ముందు చూసేది ఆ సీటీనే.

పోలారిటీ చూడటం కష్టం కాదు. ఒక ఫేజ్ సీటీలోంచి వెళ్ళి న్యూట్రల్ సీటీలోంచి తిరిగొచ్చేలా కరెంటు ఇంజెక్ట్ చేస్తే ట్రిప్ కాకూడదు, ఫేజ్‌లో మాత్రమే ఇస్తే కావాలి. రిలీజ్ మీదున్న టెస్ట్ బటన్ నొక్కి ఓకే అని సంతకం పెట్టేస్తారు కొందరు, ఆ బటన్‌కి సీటీ వైరింగ్ సంగతి ఏం తెలుసు?

ఇక సున్నితత్వం. చాలా రిలీజుల్లో జీ కనిష్ఠ సెట్టింగ్ రేటింగ్‌లో 20 శాతం దగ్గర ఉంటుంది, అంటే 1600 ఆంపియర్ల బ్రేకర్‌కి 320. బస్‌బార్ (ప్యానెల్‌లో కరెంటు మోసే లోహపు పట్టీ) దగ్గర 300 ఆంపియర్ల ఆర్క్ పడితే అది చూడదు, ఓవర్‌లోడ్ అసలే చూడదు. ఆర్క్ మీద 100 వోల్టులే అనుకున్నా 30 కిలోవాట్ల వేడి ప్యానెల్‌లో పుడుతోందన్నమాట. సీబీసీటీలో ఫేజులూ న్యూట్రల్ అన్నీ ఒకే రింగులోంచి పోతాయి, వేర్వేరు సీటీల మధ్య తేడాల గొడవే ఉండదు, అందుకే రిలేని 30 మిల్లీఆంపియర్ల దాకా దించొచ్చు. ఇంట్లో ఆర్‌సీసీబీ లోపల ఉన్నదీ ఇదే. ఫీడర్లకి నా ఓటు దీనికే, దాచను.

కాకపోతే బిగించడంలో జాగ్రత్త కావాలి. రింగు ఆర్మర్డ్ కేబుల్ (లోహపు తొడుగున్నది) చుట్టూ బయటే పడితే, గ్లాండ్ (కేబుల్‌ని ప్యానెల్‌కి బిగించే భాగం) నుంచి వచ్చే ఎర్త్ వైరుని మళ్ళీ రింగులోంచి వెనక్కి తేవాలి, లేకపోతే ఆర్మర్‌లో తిరిగొచ్చే ఫాల్ట్ కరెంటు అసలుదాన్ని కొట్టేస్తుంది. రెండు రన్నుల కేబుల్ అయితే రెండూ ఒకే రింగులో పట్టాలి. పెద్ద ఇన్‌కమర్‌లో (ప్యానెల్‌కి సప్లై తెచ్చే మెయిన్ బ్రేకర్‌లో) బస్‌బార్లన్నిటినీ కలిపి రింగు తొడగడం చాలా ప్యానెళ్ళలో అయ్యే పని కాదు, అక్కడ న్యూట్రల్ సీటీతో రెసిడ్యువలే గతి.

ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి పోయే లింకు మీద సీటీ పెట్టే పద్ధతీ ఉంది. మన దగ్గర న్యూట్రల్‌ని రెండు ఎర్త్ పిట్లకి (భూమిలో ఎలక్ట్రోడ్ పాతిన గుంటలకి) కలుపుతాం కాబట్టి, సీటీ ఆ రెండూ విడిపోకముందే ఉండాలి. ఫీడర్లకి ఎలాగూ పనికిరాదు.

ఇన్‌కమర్‌ని ఎక్కువగా చెడగొట్టేది డీజీ, అంటే డీజిల్ జనరేటర్. దాని న్యూట్రల్ ఎర్త్ అయి, చేంజోవర్ (సప్లైని డీజీకి మార్చే స్విచ్) న్యూట్రల్‌ని తెంపని త్రీ పోల్ అయితే రెండు న్యూట్రల్స్ ఎప్పుడూ కలిసే ఉంటాయి. బెస్కాం (బెంగళూరు కరెంటు సంస్థ) సప్లై మీద ఉన్నప్పుడు కూడా న్యూట్రల్ కరెంటులో కొంత డీజీ పిట్ దారి పడుతుంది, ఇన్‌కమర్ అనవసరంగా ట్రిప్ అవుతుంది. అసలు ఫాల్ట్ వచ్చినప్పుడు దానిలో కొంత ఆ దారినే న్యూట్రల్‌లోకి ఎక్కి, ట్రిప్ కావాల్సింది కాకుండానూ పోవచ్చు. ఫోర్ పోల్ చేంజోవర్ పెట్టండి, ఖర్చయినా సరే. అది కుదరని పెద్ద సైట్లకి మాడిఫైడ్ డిఫరెన్షియల్ స్కీమ్ (వేర్వేరు చోట్ల సీటీలని కలిపి లెక్క చూసే పద్ధతి) ఉంది, అపార్ట్‌మెంట్‌కి అంత అవసరం రాదు. కింద టవర్ ప్యానెల్‌లో ఎవరో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలిపేసి ఉంటే మాత్రం సీబీసీటీ కూడా ట్రిప్ చేస్తుంది, అప్పుడు తిట్టాల్సింది రిలేని కాదు.

రిలీజ్ వైపు ఒక మంచి మాట: అది తన సీటీల కరెంటుతోనే నడుస్తుంది. సీబీసీటీ రిలేకి సాధారణంగా విడిగా సప్లై, బ్రేకర్‌లో షంట్ కాయిల్ (సిగ్నల్ రాగానే బ్రేకర్‌ని ట్రిప్ చేసే కాయిల్) కావాలి, ఆ సప్లై ఫ్యూజ్ పోయిన రోజు ఫాల్ట్ వస్తే ట్రిప్ ఉండదు. ప్యానెల్ ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఆ సప్లై ఎక్కడినుంచి తీస్తున్నారో, అది పోతే తెలిపే అలారం ఉందో లేదో అడగండి.