కర్ర పెన్నుకు ఎబొనీ నలుపు: బజార్లో దొరికే రంగుల్లో ఏది నిలుస్తుంది?

చేతితో చేసే కర్ర పెన్నుల్లో నల్లటి ఎబొనీ, ఎర్రగోధుమ రోజ్‌వుడ్ అడిగేవాళ్లే ఎక్కువ. అసలైన ఎబొనీ దొరకడం కష్టం, దొరికినా ఖరీదు. రోజ్‌వుడ్ సంగతి చూస్తే, అది చేరిన డాల్బెర్జియా జాతి మొత్తం 2017 నుంచి సైటిస్ (ముప్పులో ఉన్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉంది కాబట్టి కర్రను విదేశాలకు పంపాలంటే కాగితాల గొడవ. అందుకే అంకుడు, రబ్బరు కర్ర, మామిడి, తుమ్మ తెచ్చుకుని రంగు పట్టించడం. హైదరాబాద్‌లో తేలిగ్గా దొరికే రంగు సరుకును స్లిమ్‌లైన్ (7 మి.మీ. గొట్టంతో వచ్చే సన్నటి బాల్‌పెన్ కిట్) పెన్ను లెక్కలో తూచి చెబుతున్నాం. నలుపుకు కరక్కాయ–ఇనుము జోడీని మించింది లేదు. డబ్బాల్లో అమ్మే ఆయిల్ ఉడ్ స్టెయిన్ మాత్రం పెన్నుకు దండగ. దాని రంగు రేణువులు అంకుడులాంటి బిగువైన కర్రలోకి దిగవు, పైనే కూర్చుంటాయి. అందులోని నూనె సరిగ్గా ఆరకపోతే పైన వేసే సూపర్ గ్లూ పూత వేళ్లు పట్టుకునే చోటే పెచ్చులూడుతుంది.

ఇక అసలు సరుకు. కరక్కాయ పొడి బేగంబజార్ మూలికల దుకాణాల్లో దొరుకుతుంది. 25 గ్రాములు 250 మి.లీ. వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి వడకట్టాలి. ఇనుప నీళ్లకు అర లీటరు తెల్ల వెనిగర్, 0000 నంబరు స్టీల్ వూల్ (అతి సన్నటి ఇనుప పీచు) ఒక ఉండ చాలు. వూల్ మీద తుప్పు పట్టకుండా నూనె రాసి ఉంటుంది, ముందు గిన్నెల సబ్బుతో కడగకపోతే అది సరిగ్గా కరగదు. సీసా మూత బిగించొద్దు. హైడ్రోజన్ పుడుతుంది, దానికి దారి కావాలి. వారం లోపు తయారవుతుంది, గుడ్డలో వడకట్టుకోవాలి. కలంకారీ చేసేవాళ్లు ఇదే పనిని తుప్పు ఇనుము, బెల్లం నీళ్లతో పులియబెట్టి చేస్తారు, గుడ్డకు ముందే కరక్కాయ పట్టిస్తారు. కరక్కాయలోని వగరు పదార్థం టానిన్, ఇనుము కలిసిన చోట నల్లటి ఇనుప టానేట్ పుడుతుంది. ఇది పైపూత కాదు, కర్రలోపలే పుట్టే నలుపు కాబట్టి ఎండకు అంత తేలిగ్గా వెలవదు.

రంగు వేసేది లేత్ మీద తుది కొలతకు వచ్చాకే, ముందు కాదు. కర్ర లోపల అతికించే ఇత్తడి గొట్టం 7 మి.మీ., బుష్ (లేత్ మీద కర్ర చివర ఎంత మందానికి చెక్కాలో చూపే లోహపు ఉంగరం) దగ్గర పెన్ను మందం 8.4 మి.మీ. ఉంటుంది. అంటే అక్కడ మిగిలే కర్ర గోడ 0.7 మి.మీ. మాత్రమే. కుంచెతో రాసిన రంగు పక్కనుంచి మిల్లీమీటరు కూడా దిగదు కాబట్టి ముందే రంగేసి తర్వాత చెక్కితే తెల్ల కర్ర బయటపడుతుంది. 400 నంబరు గరుకు పేపరుతో రుద్దడం అయ్యాక తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనిస్తే నూగు లేస్తుంది, దాన్ని 600తో తీసేయాలి. గొట్టం చివరలకు రబ్బరు బిరడాలు పెట్టాలి. లేకపోతే వెనిగర్ ఇత్తడిని మరక చేస్తుంది.

కరక్కాయ నీళ్లు రాసి గంట ఆరనివ్వండి. ఆపైన ఇనుప నీళ్లు రాస్తే కళ్లముందే బూడిద, నీలం, నలుపు వరసగా వస్తాయి. అక్కడ ఆపేస్తే ఎండలో ఊదాఛాయ కనిపిస్తుంది. చివరగా మళ్లీ ఒక చేయి కరక్కాయ నీళ్లు రాస్తే ఆ ఛాయ పోయి చిక్కటి నలుపు తేలుతుంది. నీలంగానే ఉండిపోయిందంటే టానిన్ చాలలేదని. గోధుమరంగు తిరిగిందంటే ఇనుము ఎక్కువై తుప్పు పడుతోందని. తుమ్మలో సహజంగానే టానిన్ ఉంది కాబట్టి ఒక చేయి కరక్కాయతో సరిపోతుంది. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడుకు రెండు తప్పవు, కానీ అతి నున్నటి నలుపు అంకుడుకే వస్తుంది. పాలిష్ అయ్యాక అబిడ్స్ దక్కన్ పెన్ స్టోర్స్‌లో చూసే నల్ల ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను పక్కన పెట్టినా వెలాతెలా పోదు.

రోజ్‌వుడ్‌కు, అంటే మన జిట్రేగి ఛాయకు, స్పిరిట్‌లో కరిగే రంగులు వాడాలి. ఇందులో రెండు రకాలున్నాయి. చపడా (లక్క) పాలిష్‌లో కలిపే పాతరకం పొడులు చవక, రంగు కూడా కొట్టొచ్చినట్టు ఉంటుంది. కానీ వాటిలో చాలావరకు బేసిక్ డైలు, అంటే ఎండకు నిలవని రకం. జేబుకు పెట్టుకుని ఎండలో తిరిగే పెన్ను మీద ఎరుపు, పసుపు ముందు వెలుస్తాయి. రెండో రకం మెటల్ కాంప్లెక్స్ రంగులు, అంటే లోహంతో కూడి ఎండకు మెరుగ్గా నిలిచేవి. ఖరీదెక్కువైనా వాటినే కొనండి. కర్ర మామిడి మేలు, రంధ్రాలు పెద్దవి. ముందు నలుపు పూసి, ఆరాక 400తో రుద్దాలి. పైన నలుపు పోయి రంధ్రాల్లో మిగులుతుంది. ఆపైన ఎర్రగోధుమ. వరస తిరగేస్తే మొత్తం మసిగుడ్డలా తయారవుతుంది. చారలు సన్న కుంచెతో గీయొచ్చు గానీ, దగ్గరగా చూస్తే గీత కర్ర నారతో కలవకుండా అడ్డంగా పోతూ దొరికిపోతుంది. అడుగు దూరం నుంచి రోజ్‌వుడ్, అరచేతిలో మామిడి. చారల జీబ్రావుడ్‌కైతే రంగుతో కుస్తీ వద్దు, నల్ల, తెల్ల పలకలు అతికించుకోవడమే నయం. ఎర్రచందనం ఛాయ ఎవరైనా అడిగితే రసీదులో అసలు కర్ర పేరు రాసివ్వండి, చెక్‌పోస్టులో వాదించే ఓపిక అందరికీ ఉండదు.

పూత దగ్గరే ఎక్కువ పెన్నులు చెడతాయి. స్పిరిట్ రంగు మీద చపడా వేస్తే చపడాలోని స్పిరిట్ ఆ రంగునే కరిగించి లాక్కొస్తుంది. పల్చటి సూపర్ గ్లూ ఆ పని అంతగా చేయదు. ఇనుప నలుపు మీద ఏదైనా నడుస్తుంది గానీ కర్ర పూర్తిగా ఆరాలి. ఎండాకాలం ఒక రోజు, వానాకాలం రెండు మూడు రోజులు. తడి మిగిలితే గ్లూ కింద తెల్లటి మబ్బు కడుతుంది, నలుపు మీద అది మరీ అసహ్యం. మొదటి ఐదారు పొరలు పడేదాకా పేపరు తాకించొద్దు, అంచుల్లో రంగు లేచిపోతుంది.

రెజిన్ పట్టించి రంగుతో సహా అమ్మే రెడీమేడ్ బ్లాంకులు (పెన్ను చెక్కడానికి కోసి ఉంచిన కర్ర ముక్కలు) ఆన్‌లైన్‌లో ఉన్నాయి. వాక్యూమ్‌లో రెజిన్ లోపలికి లాగి సుమారు 90 డిగ్రీల వేడిలో గట్టిపరుస్తారు. కర్రను ముందు ఎముకలా ఆరబెట్టి ఉంటే రంగు నడిమధ్య దాకా దిగుతుంది. అప్పుడు పైన చెప్పిన తతంగమేదీ అక్కర్లేదు, గీత పడినా నలుపే కనిపిస్తుంది. సరిగ్గా ఆరనిది అయితే చివరలు కారునలుపు, నడుమ లేత గోధుమ. చివరల నుంచి రంగు సులువుగా ఎక్కుతుంది కాబట్టి చివర చూసి మోసపోవచ్చు. స్లిమ్‌లైన్‌కు ముక్కను ఎలాగూ రెండు చేయాల్సిందే. అందుకని ఒక్కటే తెప్పించి, నడుమకు కోసి, ఆ కోత చూశాకే మిగతావి ఆర్డర్ పెట్టండి.